అట్లాంటాలో గది వెతుక్కునే ముందు

చి. శ్రావణ్‌కి,

పెద్దమ్మ ఆశీస్సులు. వీసా స్టాంపింగ్ అయిపోయిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం, నాన్నా. జార్జియా స్టేట్ యూనివర్సిటీ అట్లాంటా నడిబొడ్డున ఉంటుంది. గది వెతికేటప్పుడు "ఆ ఏరియా వద్దురా, అంతా నల్లవాళ్ళే" అని నీ సీనియర్లు ఎవరో ఒకరు అనే తీరతారు. అందుకే ముందుగా ఈ ఉత్తరం.

గది నచ్చితే పగలోసారి, చీకటి పడ్డాక ఓసారి వెళ్ళి చూడు. మార్టా (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్ నుంచి నడిచే దారిలో దీపాలున్నాయా, తలుపు తాళాలు గట్టివేనా చూసుకో. ఆ బిల్డింగులో ఉంటున్నవాళ్ళనే ఆగి నాలుగు ముక్కలు అడుగు. భద్రత సంగతి అలా తెలుస్తుంది, పక్కింటివాళ్ళ రంగుని బట్టి కాదు.

ఎవరు ఎక్కడ ఉండాలన్నది ఈ ఊళ్ళో ఊరికే కుదిరిన ఏర్పాటు కాదు. 1962 డిసెంబరులో అప్పట్లో తెల్లవాళ్ళుండే కాస్కేడ్ హైట్స్ పేట వైపు నల్లవాళ్ళు ఇళ్ళు కొనకుండా ఆపాలని, పేటన్ రోడ్డుకి అడ్డంగా నగర ప్రభుత్వమే బారికేడ్ పెట్టించింది. కోర్టు చెబితేగానీ మరుసటి మార్చిలో తీయలేదు. ఇప్పటికీ పాన్స్ డి లియాన్ అవెన్యూ దాటి ఉత్తరానికి వెళ్ళగానే మోర్‌ల్యాండ్ అవెన్యూ కాస్తా బ్రయర్‌క్లిఫ్ రోడ్డు అయిపోతుంది. దక్షిణాన ఉన్న నల్లవాళ్ళ వీధి పేరే తమ అడ్రసులోనూ ఉండటం తెల్లవాళ్ళకి ఇష్టం లేక ఇలాంటి పేర్లు మారాయని ఇక్కడి పాతవాళ్ళు చెబుతారు. బస్సులో వెళ్ళేటప్పుడు గమనించు.

నువ్వు డేటా చదువుకోబోతున్నావు కాబట్టి అంకెల సంగతీ చెబుతాను. మనుషుల్లో ఎక్కువమందిని నమ్మొచ్చా, లేక జాగ్రత్తగా మసలుకోవాలా అని అమెరికా అంతటా జనాన్ని అడిగే జనరల్ సోషల్ సర్వేలో 1972 నుంచీ అడుగుతున్నారు. నమ్మొచ్చన్నవాళ్ళు మొదట్లో 46 శాతం. 2018 నాటికి సుమారు మూడో వంతుకి తగ్గారు. గాలప్ అనే సంస్థ చేసే సర్వేలో మరోటి చూడు: నల్లవాళ్ళకీ తెల్లవాళ్ళకీ మధ్య పెళ్ళిళ్ళని 1958లో 4 శాతం మంది సమ్మతిస్తే, 2021లో 94 శాతం. రెండూ నిజమే. వాట్సాప్‌లో ఒక్క అంకె పట్టుకుని "ఈ దేశం మారదు" అనేవాళ్ళనీ, "జాతి వివక్ష ఎప్పుడో పోయింది" అనేవాళ్ళనీ అంత తొందరగా నమ్మకు. పైగా సర్వే చేసేవాళ్ళకి చెప్పే జవాబు వేరు, పిల్లల్ని ఏ బడిలో వేస్తారన్నది వేరు.

సగటు వెనక ఎవరున్నారో కూడా చూడాలి. మనుషుల్ని నమ్మొచ్చనే నల్లవాళ్ళ శాతం తెల్లవాళ్ళకంటే బాగా తక్కువ. నేను ఫార్మసీలో పనిచేసే రోజుల్లో ఒక పెద్దాయన ప్రతిసారీ మాత్రల సీసా మూత తీసి, అరచేతిలో పోసుకుని, పోయిన నెల ఇచ్చినవేనా అని రంగూ ఆకారం పోల్చి చూసేవాడు. వెనక వరసలో జనం విసుక్కునేవాళ్ళు. పక్క రాష్ట్రం అలబామాలో, టస్కీగీలో, 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ వైద్యులే వందలమంది నల్లజాతి మగవాళ్ళకి సిఫిలిస్ ఉందని తెలిసీ చెప్పలేదు. పెన్సిలిన్ వచ్చాక కూడా వైద్యం చేయకుండా, రోగం ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. అది తెలిసినవాళ్ళకి ఆయన జాగ్రత్త అర్థమవుతుంది. నేను కౌంటర్ దాటి వచ్చి ఒక్కో మాత్రా చూపించి చెప్పేదాన్ని. నువ్వూ అంతే, ఎవరైనా నిన్ను వెంటనే నమ్మకపోతే నొచ్చుకోకు. టైం ఇవ్వు.

మన సంగతి కూడా తెలుసుకో. భారతీయులు తెల్లవాళ్ళు కారు, పౌరసత్వానికి పనికిరారని 1923లో భగత్ సింగ్ థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. 1970 జనాభా లెక్కల్లో మనల్ని తెల్లవాళ్ళలో కలిపారు, 1980లో విడిగా గడి ఇచ్చారు. మనవాళ్ళు ఇంతమంది రాగలిగింది 1965 వలస చట్టం వల్ల. నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకి వెళ్ళి నడిపిన పౌరహక్కుల పోరాటం లేకపోతే ఆ చట్టానికి దారే లేదని నా గట్టి నమ్మకం. కాబట్టి వాళ్ళకి తెలుగు రాదు కదా అని మనలో మనం చులకనగా వాడే మాటలు నీ నోట రాకూడదు, రూమ్మేట్లు అన్నా నవ్వకు.

కాలేజీ నుంచి ఆబర్న్ అవెన్యూ నడిచే దూరమే. మొదటి వారంలోనే వెళ్ళి మార్టిన్ లూథర్ కింగ్ సమాధి, పక్కనే ఆయన ప్రసంగించిన ఎబెనేజర్ చర్చి చూసి రా. లీజు కాగితం మీద సంతకం పెట్టే ముందు నాకు పంపు, చదివి చెబుతాను.

మీ పెద్దమ్మ