స్పోర్ట్స్ కారు గేర్‌బాక్స్ నుంచి ఆయిల్ కారుతుంటే

సందేహం: అమెరికా వచ్చి రెండేళ్లయింది. ఎప్పటి నుంచో ఇష్టపడిన పాత మజ్డా మియాటా కొనుక్కున్నాను. మొదటి తరం మోడల్, మాన్యువల్ గేర్లు. కొన్న కొద్ది రోజులకే పార్కింగ్‌లో కారు మధ్య భాగం కింద ఆయిల్ మరకలు పడుతున్నాయి. మెకానిక్ కింద చూసి "ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) లీక్, మొత్తం దింపాలి" అన్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది. దింపించాల్సిందేనా?

జవాబు: దింపడానికి ఇప్పుడే ఒప్పుకోకండి. మీ మెకానిక్ అబద్ధం చెబుతున్నాడని కాదు, ఆయన చెప్పిందే నిజం కావచ్చు. కానీ కారుతున్నది ఏ ఆయిలో, ఎక్కడ మొదలవుతోందో తేలకుండా గేర్‌బాక్స్ దింపితే, అంత ఖర్చూ పెట్టాక కూడా అదే చోట అదే మరక మళ్లీ కనిపించవచ్చు.

మీ కారు విషయంలో ఈ మాట గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1989లో మొదలై 1997 దాకా వచ్చిన మొదటి తరం మియాటాలో ఇంజిన్ పైభాగమైన హెడ్ వెనక వైపు, ఇంజిన్ ఎంత తిరిగిందో కనిపెట్టే క్యామ్ యాంగిల్ సెన్సర్ అని ఒకటి ఉంటుంది. దానికి ఆయిల్ కారకుండా ఆపే ఓ చిన్న గుండ్రటి రబ్బరు ఓ-రింగ్. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడి పెళుసెక్కుతుంది. అప్పుడు ఇంజిన్ ఆయిల్ నెమ్మదిగా ఇంజిన్ వెనక గోడ మీదుగా జారి, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే బెల్ హౌసింగ్ మీద పడి, అక్కడి నుంచి నేల మీదకు చుక్కలుగా రాలుతుంది. కింద నుంచి చూసినవాళ్లకు అచ్చంగా గేర్‌బాక్స్ లీక్‌లాగే ఉంటుంది. ఈ ఓ-రింగ్ మార్చడానికి గేర్‌బాక్స్‌తో పనే లేదు. బానెట్ ఎత్తి పై నుంచే మార్చవచ్చు. చోటు ఇరుకు కాబట్టి చేతికి కొంచెం కష్టం, అంతే. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఆ సెన్సర్ ఎటు తిరిగి ఉందన్న దాని మీదే ఇగ్నిషన్ టైమింగ్, అంటే ఏ క్షణాన స్పార్క్ పడాలన్నది, ఆధారపడుతుంది. తీసే ముందు అది ఉన్న తీరును మార్కర్‌తో గీత గీసి పెట్టుకోండి, బిగించాక టైమింగ్ ఒకసారి చూపించండి. ఇంజిన్ పై మూత కింద ఉండే వాల్వ్ కవర్ గ్యాస్కెట్ వెనక మూల నుంచి కారినా ఆయిల్ ఇదే దారిలో దిగుతుంది.

కాబట్టి మొదటి పని, ఏ ఆయిలో తెలుసుకోవడం. రాత్రి కారు కింద ఒక శుభ్రమైన అట్టముక్క పరిచి, పొద్దున చూడండి. ముందు చక్రాలు ఎక్కడున్నాయో అట్ట మీద గుర్తు పెట్టుకుంటే చుక్క కారులో ఏ భాగం కింద పడిందో స్పష్టంగా తెలుస్తుంది. ఇంజిన్ ఆయిల్ కొత్తగా ఉంటే తేనె రంగులో, పాతబడితే నల్లగా ఉంటుంది. గేర్ ఆయిల్ దాని కన్నా చిక్కగా, గంధకం కలిసిన ఘాటైన వాసనతో ఉంటుంది. ఒకసారి ఆ వాసన చూస్తే ఇక పొరబడరు. పలచగా, దాదాపు రంగు లేకుండా ఉంటే అది క్లచ్ హైడ్రాలిక్ ఫ్లూయిడ్ కావచ్చు. మియాటాలో క్లచ్ నొక్కినప్పుడు ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసే క్లచ్ స్లేవ్ సిలిండర్ బెల్ హౌసింగ్‌కే బిగించి ఉంటుంది, అది కారడం కూడా మామూలే. ఇక ఎరుపు రంగు చూసి ఆటోమేటిక్ కార్లకే ఎరుపు ఆయిల్ అనుకోవద్దు. ట్రెమెక్ టీ-56 లాంటి పేరున్న మాన్యువల్ గేర్‌బాక్స్‌లలోనూ పోసేది ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడే.

రెండో పని, ఎక్కడి నుంచో కనిపెట్టడం. పైకప్పులో చిల్లు ఒకచోట ఉంటే నీళ్లు దూలం వెంట జారి ఇంకోచోట పడ్డట్టు, ఇక్కడా ఆయిల్ పుట్టిన చోటు వేరు, చుక్క రాలే చోటు వేరు. పైగా కారు నడుస్తున్నప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి నెడుతుంది. అందుకే తడిసిన భాగాలన్నిటిలో ఏది అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా కారు ముందు వైపుకు ఉందో చూడాలి. సాధారణంగా లీక్ అక్కడే ఉంటుంది.

ఈ సూత్రాన్ని కారు నిర్మాణంతో కలిపి ఆలోచించాలి. స్పోర్ట్స్ కార్లన్నీ ఒకేలా ఉండవు. పోర్షే బాక్స్‌టర్‌లో ఇంజిన్ ముందు, గేర్‌బాక్స్ దాని వెనక. కాబట్టి ఇంజిన్ ఆయిల్ కారితే గాలికి గేర్‌బాక్స్ అంతా తడుస్తుంది, తప్పు గేర్‌బాక్స్ మీద పడుతుంది. 911లో దీనికి పూర్తి తలకిందులు. ఇంజిన్ అన్నిటికన్నా వెనక, గేర్‌బాక్స్ దానికి ముందు. 1997 నుంచి వచ్చిన షెవర్లే కార్వెట్‌లలో, ఐదో తరం నుంచి ఏడో తరం దాకా, ఇంజిన్ ముందే ఉన్నా గేర్‌బాక్స్‌ను తీసుకెళ్లి వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌కు కలిపారు, మధ్యలో పొడవాటి టార్క్ ట్యూబ్ ఉంటుంది. అలాంటి కారులో ముందు భాగం కింద మరక కనిపిస్తే అది గేర్‌బాక్స్ ఆయిల్ అయ్యే అవకాశం చాలా తక్కువ.

వెతికేటప్పుడు కింద భాగాన్ని డీగ్రీజర్‌తో బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఇంజిన్, సైలెన్సర్ గొట్టం చల్లారాకే ఈ పని చేయాలి, బ్రేకుల మీద డీగ్రీజర్ పడకూడదు. ఆరాక అనుమానం ఉన్న చోట్ల పాదాలకు వాడే పౌడర్ స్ప్రే పలచగా కొట్టి, కారును ఓ పాతిక కిలోమీటర్లు నడిపి వచ్చి చూస్తే తెల్లటి పొడి మీద ఆయిల్ గీత పడి ఉంటుంది. అప్పటికీ తేలకపోతే ఆయిల్‌లో కలిపే ఫ్లోరసెంట్ డై దొరుకుతుంది. కలిపి, నడిపి, చీకట్లో యూవీ లైట్ వేస్తే ఆ దారి మెరుస్తూ కనిపిస్తుంది. చాలామంది ఈ వెతుకులాటకు ఓపిక లేక నేరుగా విప్పడానికి దిగుతారు. నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైన భాగం ఇదే.

మెకానిక్ షాపుకు వెళ్తే మొహమాటపడకండి. కొత్తగా వచ్చిన మనవాళ్లలో ఇది ఎక్కువగా చూస్తుంటాను. "లీక్ ఎక్కడి నుంచో చూపించండి, ఫోటో తీసి పంపండి" అని అడగడం ఇక్కడ అగౌరవం కాదు, మామూలు విషయం. అంచనా కాగితం మీద అడగండి. కాలిఫోర్నియాలో అయితే పని మొదలుపెట్టక ముందే రాతపూర్వక అంచనా ఇవ్వాలని చట్టమే ఉంది. ఇది చదివే ఎవరిదైనా కొత్త కారై, వారంటీ నడుస్తుంటే ముందు డీలర్ దగ్గరకే వెళ్లండి. సీల్ (షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బరు రింగు) లీకులు పవర్‌ట్రెయిన్ (ఇంజిన్, గేర్‌బాక్స్ లాంటివి) వారంటీ కిందకు వస్తాయేమో చూడమనండి. "మీరు బయట ఆయిల్ మార్పించారు కాబట్టి వారంటీ పోయింది" అని ఎవరైనా అంటే భయపడొద్దు. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ప్రకారం కేవలం ఆ కారణంతో వారంటీ నిరాకరించడం కుదరదు. ఆ పని వల్లే చెడిపోయిందని వాళ్లు చూపించాలి. అందుకే పాత రసీదులన్నీ దాచుకోవాలి.

ఇక నిజంగా గేర్‌బాక్సే అని తేలిందనుకుందాం. అన్ని లీకులకూ దింపనక్కర్లేదు. ఆయిల్ తీసే డ్రెయిన్ ప్లగ్, పోసే ఫిల్ ప్లగ్ దగ్గర చెమ్మ ఉంటే వాషర్ మారిస్తే సరిపోవచ్చు. ఈ వాషర్లు ఒకసారి నలిగి సర్దుకునేవి, విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. కారుతోంది కదా అని ప్లగ్‌ను ఇంకా ఇంకా బిగిస్తే అల్యూమినియం బాడీలో మరలు చెడిపోతాయి, అప్పుడు చిన్న పని పెద్దదవుతుంది. రివర్స్ లైట్ స్విచ్, స్పీడోమీటర్ డ్రైవ్ ఓ-రింగ్, వెనక చక్రాలకు శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక చివర దూరే చోట ఉండే సీల్, ఇవన్నీ గేర్‌బాక్స్ కారులో ఉండగానే మార్చుకోవచ్చు.

వీటిలో ఏదీ విప్పకముందు బ్రీదర్ చూడండి. గేర్‌బాక్స్ పైభాగంలో లోపలి గాలి వెళ్లడానికి ఉండే చిన్న దారి అది. నడిచేకొద్దీ లోపల ఆయిల్ వేడెక్కి గాలి వ్యాకోచిస్తుంది. బ్రీదర్ మట్టితో మూసుకుపోతే ఆ ఒత్తిడికి వేరే దారి ఉండదు, సీల్ అంచుల నుంచి ఆయిల్‌ను బయటకు నెడుతుంది. అలాంటప్పుడు ఎన్ని కొత్త సీళ్లు వేసినా నిలబడవు. ఆయిల్ ఉండాల్సిన మట్టం కన్నా ఎక్కువ పోసినా ఇదే గొడవ.

వెనక సీల్ మార్చేటప్పుడు షాఫ్ట్ తీసే ముందు ఫ్లాంజ్‌ల (బోల్టులతో కలిపే పళ్లేల) మీద గుర్తు పెట్టుకోండి. తిరిగి అదే తీరులో బిగించకపోతే వేగంలో వణుకు రావచ్చు. షాఫ్ట్ యోక్‌ను (గేర్‌బాక్స్‌లోకి దూరే దాని చివరను) చేత్తో పైకీ కిందకీ ఊపి చూడండి. బాగా ఊగుతుంటే లోపలి బుష్ అరిగిందని అర్థం, అది మార్చకుండా సీల్ ఒక్కటే వేస్తే ఎక్కువ కాలం ఆగదు. యోక్ మీద సీల్ తిరిగే చోట గోటికి తగిలేంత గాడి పడినా అంతే. అలా ఉంటే పలచటి స్టీల్ స్లీవ్ తొడగడం గానీ యోక్ మార్చడం గానీ చేయాలి. కొత్త సీల్‌లో స్ప్రింగ్ ఉన్న వైపు లోపలికి, ఆయిల్ వైపుకు ఉండాలి. అంచుకు కాస్త గ్రీజో అదే ఆయిలో రాసి, సీల్ వెడల్పుకు సరిపోయే సాకెట్ పెట్టి చుట్టూ సమానంగా తడుతూ దించాలి. ఒక పక్కకు ఒరిగితే తీసేసి ఇంకోటి వేయడమే మంచిది.

కారు కింద దూరేవాళ్లకు ఒక మాట, దీంట్లో బేరం లేదు. జాక్ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందకు వెళ్లకండి, ఎంత తొందరున్నా సరే. గట్టి నేల, నాలుగు జాక్ స్టాండ్లు, పైకెత్తేటప్పుడు చక్రాలకు అడ్డు, ఇవి లేకపోతే ఆ పని షాపుకే ఇవ్వండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే లీజు కాగితం కూడా చదవండి. పార్కింగ్‌లో కారు రిపేర్లు చేయకూడదని చాలాచోట్ల రాసి ఉంటుంది.

దింపక తప్పనివి కొన్ని ఉన్నాయి. గేర్‌బాక్స్ ముందు, ఇంజిన్ శక్తిని లోపలికి తెచ్చే ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ కారితే ఆయిల్ బెల్ హౌసింగ్ లోపలికి చేరుతుంది. ఇంజిన్ వెనక ఉండే రియర్ మెయిన్ సీల్ కారినా అక్కడికే. ఆ ఆయిల్ క్లచ్ ప్లేట్‌కు పట్టిందంటే క్లచ్ జారుతుంది, ఇంజిన్ అరుస్తుంది గానీ కారు కదలదు. తడిసిన ప్లేట్‌ను కడిగి వాడాలని చూడొద్దు, మార్చాలి. ఎలాగూ దింపుతున్నారు కాబట్టి రెండు సీళ్లూ, క్లచ్ దగ్గరుండే రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ కలిపి మార్పించుకోండి. వస్తువుల ధర కన్నా కూలీ ఎక్కువ, అదే కూలీ రెండుసార్లు కట్టడం ఎందుకు? పాత బాక్స్‌టర్ ఉన్నవాళ్లు ఇంజిన్‌లోని ఇంటర్మీడియట్ షాఫ్ట్ బేరింగ్ గురించి ఆలోచించాల్సిన సమయం కూడా ఇదే, గేర్‌బాక్స్ తీస్తేనే అక్కడికి చెయ్యి చేరుతుంది.

పోర్షే పీడీకే లాంటి, రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునే డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ అయితే ఇంట్లో ముట్టుకోవద్దనే నా సలహా. ఫ్లూయిడ్‌ను నిర్దేశించిన ఉష్ణోగ్రత దగ్గర, డయాగ్నస్టిక్ పరికరం పెట్టి మట్టం చూసి నింపాలి.

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ మార్చేటప్పుడు ముందుగా ఫిల్ ప్లగ్ వదులు చేయండి. అది రాకముందే డ్రెయిన్ విప్పేస్తే ఉన్న ఆయిల్ పోయి, కొత్తది పోసే దారి లేక కారు అక్కడే ఆగిపోతుంది. మీ ఐదు గేర్ల మియాటాకు పట్టేది సుమారు 2 లీటర్లే, జీఎల్-4 రకం, 75డబ్ల్యూ-90 చిక్కదనం ఉన్న గేర్ ఆయిల్. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మిశ్రమాలు ఎక్కువ, కొన్ని రకాలు గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులకు సరిపడవు. కారును సమతలంగా ఉంచి, ఫిల్ రంధ్రం అంచు దాకా వచ్చేవరకు పోయండి. లీక్ ఆగుతుందని ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తే ఆగదు సరికదా, చలికాలంలో గేర్లు పడటం కష్టమవుతుంది. సీసాల్లో అమ్మే లీక్ ఆపే మందులు రబ్బరును ఉబ్బిస్తాయి, కొన్నాళ్లు నెట్టుకురావడానికి తప్ప మరమ్మతు కిందకు రావు.

ఎంత తొందరగా చేయాలని అడుగుతారేమో. దుమ్ము అంటుకున్న పలచటి చెమ్మ మాత్రమే ఉండి, నేల మీద చుక్క పడకపోతే కనిపెట్టుకుని ఉంటే చాలు. చుక్కలు పడుతుంటే ఆలస్యం చేయొద్దు. మీ గేర్‌బాక్స్‌లో ఆయిల్ తగ్గితే డ్యాష్‌బోర్డ్ మీద వెలిగే దీపం లేదు, చూసుకోవడానికి డిప్‌స్టిక్కూ లేదు. ఉన్నదే 2 లీటర్లు, అందులో అర లీటరు పోయిందంటే నాలుగో వంతు పోయినట్టే. మూలుగు వినిపించేసరికి బేరింగులు దెబ్బతిని ఉండవచ్చు. వేడి సైలెన్సర్ గొట్టం మీద ఆయిల్ పడుతూ పొగ వస్తుంటే మాత్రం కారు నడపకండి, నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

తీసిన పాత ఆయిల్‌ను మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి పెట్టండి, ఇంకే ద్రవమూ అందులో కలపకండి. వీధి కాలువలో పోయడం చట్టవిరుద్ధం. ఆటో పార్ట్స్ దుకాణాలు చాలావరకు ఉచితంగా తీసుకుంటాయి, లేదా మీ కౌంటీ సేకరణ కేంద్రంలో ఇవ్వవచ్చు. పని అయిన వారం తర్వాత మళ్లీ అట్టముక్క పరచండి, ఫిల్ ప్లగ్ తీసి మట్టం కూడా చూడండి. మీరు ముందు ఆ క్యామ్ యాంగిల్ సెన్సర్ వెనక వేలు పెట్టి తడి ఉందో లేదో చూసి, తర్వాత మెకానిక్‌తో మాట్లాడండి.