జర్మన్ వస్తే డచ్ వచ్చేసినట్టేనా?

జర్మన్ బీ1 అనే మధ్యస్థాయి దాకా చదివారు, ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉద్యోగం వచ్చింది, డచ్ మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టాలా లేక ఉన్న జర్మన్‌తో నెట్టుకురావచ్చా అని కదా మీ ప్రశ్న. చదవడానికి చాలావరకు నెట్టుకురావచ్చు. మాట్లాడటానికి కుదరదు. నేను జర్మనీలోని ఆఖెన్‌లో ఎమ్మెస్ చేసి, సరిహద్దు దాటి మీరు వెళ్ళబోయే ఊళ్ళోనే పనిచేస్తున్నాను, అందుకని రెండు భాషలూ చెవిన పడుతూనే ఉంటాయి.

వచ్చాక ముందు సూపర్‌మార్కెట్‌లో ఓ చుట్టు తిరగండి. మిరియాలు జర్మన్‌లో ప్ఫెఫర్, ఇక్కడ పేపర్. ఆపిల్ అక్కడ ఆప్‌ఫెల్, ఇక్కడ ఆపెల్. నీళ్ళు వాసర్, వాటర్. పది ట్సేన్, టీన్. చేయడం మాఖెన్, మాకెన్. జర్మన్‌లో ఫ, స, ట్స, ఖ వినిపించే చోట డచ్‌లో ప, ట, క ఉంటాయన్నమాట, ఇంగ్లిష్‌లోనూ చాలాచోట్ల అంతే. మారింది జర్మనే. వెయ్యేళ్ళకు పైగా వెనక, దక్షిణ జర్మన్ ప్రాంతాల్లో ఈ హల్లులు మారిపోయి, ఆ మార్పు ఉత్తరానికి పాకుతూ దారిలోనే ఆగిపోయింది. మాకెన్ అనేవాళ్ళనీ మాఖెన్ అనేవాళ్ళనీ విడదీసే గీత డ్యుసెల్‌డార్ఫ్‌లోని బెన్‌రాత్ దగ్గర రైన్ నదిని దాటుతుంది, భాషా శాస్త్రవేత్తలు దాన్ని బెన్‌రాత్ గీత అనే అంటారు. బెంగళూరులో ఉండివచ్చిన తెలుగువాళ్ళకి ఇది వెంటనే ఎక్కుతుంది. పాలు హాలు, పులి హులి, పండు హణ్ణు, పువ్వు హూవు, అచ్చం అదే వరస.

ఇంకోటి కూడా పట్టుకోండి. జర్మన్‌లో ఉన్న ల డచ్‌కి వచ్చేసరికి చాలా మాటల్లో కరిగిపోయి ఔ అయింది. ఉప్పు జాల్ట్స్, జౌట్. చల్లన కాల్ట్, కౌట్. పాత ఆల్ట్, ఔట్. కట్టె హోల్ట్స్, హౌట్. ఈ రెండూ వంటబడితే మున్సిపాలిటీ నుంచి వచ్చే ఉత్తరం డిక్షనరీ లేకుండానే సగానికి పైగా అర్థమవుతుంది, నామాట నమ్మండి.

అన్నీ ఇలా కుదరవు లెండి. ఉల్లిపాయ జర్మన్‌లో ట్స్వీబెల్, డచ్‌లో ఔయ్. బంగాళాదుంప కార్టోఫెల్ కాస్తా ఆర్డాపెల్, అంటే నేల ఆపిల్. పెరుగన్నం బ్యాచ్ అయితే మజ్జిగ కోసం బుటర్‌మిల్ఖ్ అని వెతక్కండి, పాల అరలో కార్నెమెల్క్ అని ఉంటుంది. కార్నెన్ అంటే చిలకడం. వెన్న కన్నా కవ్వానికే విలువిచ్చారు వీళ్ళు!

అసలు టెన్షన్ తెలియని మాటలతో కాదు, తెలిసినట్టే కనిపించేవాటితో. వింకెల్ జర్మన్‌లో మూల, డచ్‌లో దుకాణం. బెల్లెన్ జర్మన్‌లో మొరగడం, డచ్‌లో ఫోన్ చేయడం. స్కూల్లో టీచర్ 'మీవాడు చాలా స్లిమ్' అంటే ఇంగ్లిష్ బుర్రకి బక్కగా ఉన్నాడని, జర్మన్ బుర్రకి వాడి పరిస్థితి ఘోరమని తడుతుంది, ఆవిడ అన్నది మాత్రం తెలివైనవాడని. ఇళ్ళ కిటికీలకి 'తె హూర్' అని బోర్డులుంటాయి, అద్దెకు ఇవ్వబడును అని అర్థం. జర్మన్‌లో హూరె అంటే వేశ్య, నన్ను చూడ్డానికొచ్చిన ఆఖెన్ స్నేహితుడు వీధి పొడుగునా ఆ బోర్డుల ఫొటోలు తీసుకుంటూనే నడిచాడు.

నాకు అన్నిటికన్నా నచ్చేది సముద్రం గొడవ. డచ్‌లో జే సముద్రం, మేర్ సరస్సు. జర్మన్‌లో మేర్ సముద్రం. జే అర్థం మాత్రం లింగాన్ని బట్టి మారుతుంది, ముందు 'డీ' చేరిస్తే సముద్రం, 'డేర్' చేరిస్తే సరస్సు. నెదర్లాండ్స్‌లో ఒకప్పుడు జౌదర్‌జే అని సముద్రపు పాయ ఉండేది. 1932లో అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట కట్టేసరికి లోపలి నీళ్ళు మెల్లగా ఉప్పు పోయి మంచినీళ్ళయ్యాయి. సముద్రం సరస్సైంది కాబట్టి పేరు కూడా ఐసెల్‌మేర్ అని మార్చేశారు. డచ్ రాని జర్మన్ మనిషికి ఇది తిరగబడి వినిపిస్తుంది, సరస్సుని కట్ట కట్టి సముద్రం చేశారేమో అనిపించేలా.

స్వీడిష్ కూడా ఇంతేనా అని కింద కామెంట్లలో ఒకరు అడిగారు. అంత తేలిక కాదు. మధ్యయుగాల్లో హాన్సా అనే ఉత్తర జర్మన్ ఓడరేవుల కూటమి వర్తకుల వల్ల ఉత్తర జర్మన్ మాటలు అందులో బోలెడు చేరాయి, డబ్బు చెల్లించడం డచ్‌లో బెతాలెన్, స్వీడిష్‌లో బెతాలా. కానీ వాక్యాన్ని కలిపి ఉంచే చిన్న చిన్న మాటలు వేరు, వ్యాకరణం వేరు.

మీ సంగతికొస్తే, మొదటి లెవెల్ క్లాసులో చేరకండి, 'ఇది ఆపిల్' దగ్గరే విసుగొస్తుంది. జర్మన్ వచ్చినవాళ్ళకని విడిగా డచ్ కోర్సులు ఉంటాయి, ఆఫీసువాళ్ళు ఫీజు కడతారేమో అడిగి అందులో చేరండి. వచ్చీరాని డచ్‌లో మొదలుపెడితే ఎదుటివాళ్ళు వెంటనే ఇంగ్లిష్‌కి మారిపోతారు, మీరు మాత్రం మారకండి.