అరవై మందిని వినడం

చిరంజీవి మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. బీటెక్ ఫస్టియర్ పిల్లలకి కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ చెప్పే పని నీకు అంటగట్టారని, టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్లో తెమిలే విషయం కాదని రాస్తున్నా.

ముందు లెక్క చూసుకో. 60 మంది తలా 3 నిమిషాలు లేచి మాట్లాడాలంటే 180 నిమిషాలు. లేచి రావడం, తడబడటం, నువ్వు రెండు ముక్కలు చెప్పడం కలిపితే 300. ఒక్కరోజులో కానిచ్చేద్దామనుకుంటే చివరి ఇరవై మందిని నువ్వు వినవు, మార్కులు మాత్రం వేస్తావు. రోజుకు 12 మంది చాలు. పీపీటీ మొదటి నెల వద్దే వద్దు, తెర వైపు తిరిగి చదివేస్తారు.

'వాతావరణ మార్పులు' లాంటి టాపిక్ ఇచ్చావో, నెట్లోది బట్టీపట్టి వస్తారు. వాళ్ల ఊరి బస్టాండు నుంచి ఇంటికి దారి చెప్పమను. తెలుగు మీడియం పిల్లలని మొదటిసారి తెలుగులోనే మాట్లాడనివ్వు. నలుగురిలో నిలబడే భయం ఒకటి, ఇంగ్లీషు భయం ఇంకొకటి. రెండూ ఒకేరోజు నెత్తిన పెట్టకు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడు 'ఇస్కూల్' అన్నాడు. క్లాసు నవ్వింది, నేనూ నవ్వి సరిదిద్దాను. ఆ ఏడాదంతా వాడు మళ్లీ లేవలేదు. ఆరోజు వాడు ఏం చెప్పాడని అడిగితే నాకు ఒక్క ముక్క గుర్తులేదు, ఆ 'ఇస్కూల్' తప్ప. అందుకే తర్వాత నా మార్కుల కాగితంలో యాసకి గడే లేకుండా చేశాను. పదికి నాలుగు విషయానికి, మూడు గొంతు వెనక బెంచీ దాకా వచ్చినందుకు, రెండు మనుషుల్ని చూస్తూ మాట్లాడినందుకు, ఒకటి టైముకి. ఆ కాగితం వారం ముందే వాళ్ల చేతికివ్వు. మాట అర్థం కాకుండా పోయేంత ఉచ్చారణ దోషం ఉంటే తర్వాత పక్కకి పిలిచి చెప్పు.

'గుడ్, ఇంకా ఇంప్రూవ్ అవ్వాలి' అంటే ఎవడికీ ఏమీ అర్థం కాదు. 'బస్సు తప్పిపోయిన సంగతి చెప్పి ఆగావు చూడు, అప్పుడు అందరూ తలెత్తారు. చివర మాత్రం థాంక్యూ అని పారిపోయావు' అను. వచ్చేసారికి మార్చుకోవాల్సింది ఒక్కటే చెప్పు.

వినేవాళ్లని ఖాళీగా కూర్చోబెట్టకు. అష్టావధానంలో అవధానిని పరీక్షించే ఎనిమిది మంది పృచ్ఛకులకీ తలా ఒక పని ఉంటుంది కదా, అలా పంచు. ఒకరు గడియారం చూడాలి, ఒకరు 'ఆఁ'లు, 'యాక్చువల్లీ'లు లెక్కపెట్టాలి (ఆ లెక్క మార్కుల్లో కలపకు), ఒకరు ప్రశ్న అడగాలి, వెనక బెంచీవాడు వినపడకపోతే చెయ్యెత్తాలి. అప్రస్తుత ప్రసంగానికి, అంటే మధ్యలో సంబంధం లేని మాటలతో దృష్టి మళ్లించడానికి, ఎవర్నీ నియమించక్కర్లేదు, ప్రతి క్లాసులోనూ ఉండనే ఉంటాడు.

మొదటి రోజు నువ్వే 3 నిమిషాలు మాట్లాడి, అదే కాగితం మీద వాళ్లచేత మార్కులు వేయించుకో. ఎన్నొచ్చాయో రాయి. నాకు ఓ బ్యాచ్ ఆరే వేసింది, గొంతు వెనక బెంచీ దాకా రాలేదట.

ప్రేమతో,
పెద్దమ్మ