వెబ్ వాకిలి: పబ్లిష్ నొక్కాక ఫోన్ ఎవరికి?

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: రాసింది సీఎంఎస్‌లో (రచనలు ఎక్కించి దాచుకునే సాఫ్ట్‌వేర్) ఉంది, సైట్‌లోకి రాలేదు. వచ్చినా ఆలస్యంగానో, సగమో వచ్చింది. అందుకని ఫాంట్ల ప్రశ్నలన్నీ వచ్చే నెలకు పెట్టి, ఈసారి వీటికే జవాబులిస్తున్నాను.

మేడమ్, మేం నలుగురం కలిసి ఒక సాహిత్య మాసపత్రిక నడుపుతున్నాం. అచ్చు ఆపేసి వెబ్‌కి మారాం. కథలూ కవితలూ స్ట్రాపీలో ఎక్కించి పబ్లిష్ నొక్కుతాం. సైట్‌లో మాత్రం ఏమీ మారదు. సైట్ చేసిపెట్టిన అబ్బాయికి ఫోన్ చేస్తే, అతను క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లోకి వెళ్లి ఏదో బటన్ నొక్కుతాడు. అప్పుడు కనిపిస్తుంది. ఇప్పుడతను కొత్త ఉద్యోగంలో చేరాడు. రాత్రి పదింటికి ఫోన్ చేయాలంటే మొహమాటంగా ఉంది. వెబ్‌హుక్ పెట్టుకుంటే చాలంటున్నారు. నాకు ప్రోగ్రామింగ్ రాదు. నా వల్ల అవుతుందా?
*– ఒక సంపాదకురాలు, తెనాలి*

అవుతుందండీ. మీరు చేయాల్సింది ఒక అడ్రస్ కాపీ చేసి ఇంకోచోట అతికించడం, మూడు టిక్కులు పెట్టడం. అయితే ఏం జరుగుతోందో ముందు తెలిస్తే రేపు తేడా వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మీ స్ట్రాపీ హెడ్‌లెస్ సీఎంఎస్. అంటే కథలు దాచుకుంటుంది, అడిగినవాళ్లకు ఇస్తుంది, అంతే. పాఠకులు చూసే పేజీలు దాని దగ్గర ఉండవు. క్లౌడ్‌ఫ్లేర్ (మీ సైట్‌ని నెట్‌లో ఉంచే సంస్థ) ఒకసారి స్ట్రాపీ దగ్గరికి వెళ్లి కథలన్నీ తెచ్చుకుని, పేజీలు తయారుచేసి పెట్టుకుంటుంది. దాన్నే బిల్డ్ అంటారు. పాఠకులకు చూపించేది ఆ తయారైన పేజీలనే. మీరు కొత్త కథ పబ్లిష్ చేసిన సంగతి దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ చెప్పేవాడు సైట్ చేసిపెట్టిన అబ్బాయి.

వెబ్‌హుక్ కాలింగ్ బెల్ లాంటిది. పబ్లిష్ అవగానే స్ట్రాపీ ఫలానా అడ్రస్‌కి ఒక పోస్ట్ రిక్వెస్ట్ పంపుతుంది, అవతలివాళ్లు లేచి పని మొదలుపెడతారు. బెల్‌తో పాటు కథ వివరాలు కూడా స్ట్రాపీ పంపుతుంది కానీ క్లౌడ్‌ఫ్లేర్ వాటిని చూడదు. మోత వినపడగానే మళ్లీ వెళ్లి మొత్తం కథలన్నీ తాజాగా తెచ్చుకుంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, కింది జవాబుల్లో కూడా పనికొస్తుంది.

ఇక పని. క్లౌడ్‌ఫ్లేర్‌లో మీ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో బిల్డ్స్ దగ్గర ‘డిప్లాయ్ హుక్’ అని ఉంటుంది. పేరు ‘స్ట్రాపీ’ అని పెట్టండి, బ్రాంచ్ (సైట్ కోడ్‌లో ఒక శాఖ) అడిగితే ‘మెయిన్’ ఇవ్వండి (మీ సైట్ ఏ బ్రాంచ్‌లో ఉందో మాత్రం ఈ ఒక్కసారికి ఆ అబ్బాయిని అడగండి). పొడవాటి అడ్రస్ ఒకటి ఇస్తుంది. దాన్ని కాపీ చేసి స్ట్రాపీ సెట్టింగ్స్‌లో వెబ్‌హుక్స్‌కి వెళ్లి, కొత్తది సృష్టించి, యూఆర్‌ఎల్ గళ్లో అతికించండి.

దాని కిందే ఈవెంట్ల పట్టిక ఉంటుంది. చాలామంది ‘ఎందుకైనా మంచిది’ అని అన్నీ టిక్ పెట్టేసేది ఇక్కడే. వద్దు. క్రియేట్, అప్‌డేట్ వదిలేయండి. మీ ప్రూఫ్‌రీడర్ ఒక దీర్ఘం సరిచేసి సేవ్ నొక్కినా అప్‌డేట్ మోగుతుంది, డ్రాఫ్ట్‌లో ఉన్న కథ కోసం సైట్ మొత్తం తిరిగి తయారవుతుంది. పబ్లిష్, అన్‌పబ్లిష్, డిలీట్ ఈ మూడూ పెట్టండి. అన్‌పబ్లిష్ మరిచిపోతే ఏమవుతుందంటే, రచయిత ‘నా కథ వెనక్కి తీసుకుంటున్నా’ అని ఉత్తరం రాస్తారు, మీరు స్ట్రాపీలో తీసేస్తారు, సైట్‌లో అది హాయిగా కూర్చునే ఉంటుంది. మీడియా ఈవెంట్లు కూడా వద్దు, బొమ్మ ఒక్కటీ ఎక్కించినప్పుడల్లా బిల్డ్ అక్కర్లేదు.

సేవ్ చేశాక ‘ట్రిగర్’ బటన్ ఉంటుంది. నొక్కండి. క్లౌడ్‌ఫ్లేర్ పేజీలో కొత్త బిల్డ్ మొదలైతే మీ పని అయిపోయినట్టే.

ఆ పొడవాటి అడ్రస్‌కి వేరే తాళం లేదు, అడ్రసే తాళంచెవి. వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పొరపాటున బయటికి పోతే ఆ హుక్ తీసేసి కొత్తది చేసుకోండి, రెండు నిమిషాల పని. ఆ అడ్రస్ తెలిసినవాడెవడైనా మీ కథలు దొంగిలించలేడు గానీ, రాత్రంతా బిల్డులు మోగిస్తూ కూర్చోగలడు. ఉచిత ప్లాన్‌లో క్లౌడ్‌ఫ్లేర్ నెలకు 500 బిల్డులు ఇస్తుంది. మీ సంచికకు ముప్ఫై రచనలు, తర్వాత దిద్దుబాట్లు కలిపినా ఆ దరిదాపులకు పోరు. కాబట్టి ‘బిల్డులు తగ్గించే ఏర్పాటు చేస్తాం, నెలకింత ఇవ్వండి’ అని ఎవరైనా వస్తే మర్యాదగా పంపేయండి.

ఇంకొక్కటి ఆ అబ్బాయితోనే చేయించుకోండి. బిల్డ్ జరిగేటప్పుడు స్ట్రాపీ సర్వర్ పలకకపోతే బిల్డ్ ఆగిపోవాలి. ఆగిపోతే నష్టం లేదు, పాత సైట్ అలాగే ఉంటుంది. కొందరు ఆ ఎర్రర్‌ని మింగేసే కోడ్ రాస్తారు. అప్పుడు బిల్డ్ చక్కగా పూర్తయి, ఒక్క కథా లేని సైట్ పైకి వస్తుంది. ‘పది కథల కన్నా తక్కువ వస్తే ఆపెయ్’ అని ఒక షరతు రాయమనండి.

మా సైట్ కోడ్ గిట్‌హబ్‌లో ఉంది, బిల్డూ అక్కడే. దాన్ని మొదలుపెట్టే ‘రిపాజిటరీ డిస్పాచ్’ అడ్రస్ స్ట్రాపీ వెబ్‌హుక్‌లో ఇచ్చాను. టోకెన్ (తాళంచెవి లాంటి రహస్య కోడ్) హెడర్‌లో పెట్టాను. ప్రతిసారీ 422 ఎర్రర్ వస్తోంది. పోస్ట్‌మన్ అనే పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో నేను చేత్తో పంపితే మాత్రం పనిచేస్తోంది. మాది జిల్లా వార్తల సైట్, రోజంతా వార్తలు పడుతూనే ఉంటాయి.
*– బీటెక్ విద్యార్థి, కరీంనగర్*

టోకెన్ తప్పయితే 422 రాదు బాబూ, అది పంపిన సమాచారంలో లోపముంటే వచ్చేది. చేత్తో పంపినప్పుడు బాడీలో (రిక్వెస్ట్ లోపలి సమాచారం) ‘ఈవెంట్_టైప్’ అని నువ్వే రాసి ఉంటావు. గిట్‌హబ్‌కి అది తప్పనిసరి. స్ట్రాపీ తన బాడీ తనే రాసుకుంటుంది: ఈవెంట్, మోడల్, ఎంట్రీ వగైరా. దాన్ని మార్చే గడి ఆ సెట్టింగ్స్ పేజీలో లేదు. కంటెంట్‌ఫుల్ లాంటివాటిలో పంపే బాడీని మనమే రాసుకోవచ్చు, స్ట్రాపీలో మధ్యవర్తి కావాలి.

క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్ (వాళ్ల సర్వర్లలో నడిచే చిన్న ప్రోగ్రాం) ఒకటి రాయి, ఇరవై లైన్లు కూడా కాదు. స్ట్రాపీ దాన్ని పిలుస్తుంది. స్ట్రాపీ హెడర్లలో నువ్వు పెట్టిన రహస్యపదం సరిపోయిందో లేదో అది చూసి, గిట్‌హబ్‌కి కావలసిన ఆకారంలో ఇంకో రిక్వెస్ట్ పంపుతుంది. వర్కర్ నుంచి పంపేటప్పుడు ‘యూజర్-ఏజెంట్’ హెడర్ నువ్వే పెట్టు, అది లేకపోతే గిట్‌హబ్ 403 అంటుంది, నువ్వేమో టోకెన్‌ని అనుమానిస్తూ కూర్చుంటావు. సరిగ్గా వెళ్తే 204 వస్తుంది, ఖాళీ బాడీతో. దాన్ని జేసన్‌గా (డేటా రాసే ఒక పద్ధతి) చదవబోతే నీ కోడే పడిపోతుంది. టోకెన్ ‘ఫైన్-గ్రెయిన్డ్’ రకానిది తీసుకుని, ఆ ఒక్క రిపోకి (కోడ్ దాచే చోటు), ‘కంటెంట్స్’ రాసే హక్కు మాత్రమే ఇవ్వు. వర్క్‌ఫ్లో ఫైల్ (బిల్డ్ ఎలా చేయాలో గిట్‌హబ్‌కి చెప్పేది) డిఫాల్ట్ బ్రాంచ్‌లో ఉండాలి, వేరే బ్రాంచ్‌లో పెట్టి పరీక్షిస్తే ఈ ఈవెంట్‌కి అది పలకదు.

ఇప్పుడు అసలు సంగతి, మీది వార్తల సైట్ కాబట్టి. వర్క్‌ఫ్లోలో ‘కన్‌కరెన్సీ’ గ్రూప్ పెట్టు, అప్పుడు ఒకసారికి ఒక్క బిల్డే నడుస్తుంది. ‘క్యాన్సిల్-ఇన్-ప్రోగ్రెస్’ని మాత్రం ట్రూ చేయకు. నెట్‌లో దొరికే సగం నమూనాల్లో ట్రూ అనే ఉంటుంది, కాపీ కొట్టేస్తారు. నీ బిల్డ్‌కి నాలుగు నిమిషాలు పడుతుందనుకో, ఎన్నికల ఫలితాల రోజు మూడు నిమిషాలకో వార్త పడుతుందనుకో. ప్రతి కొత్త వార్తా ముందు బిల్డ్‌ని చంపేస్తుంది, ఏదీ పూర్తికాదు. డెస్క్‌లో పది వార్తలుంటాయి, సైట్‌లో పొద్దుటి పేజీ. ఫాల్స్‌లో ఉంచితే నడుస్తున్నది పూర్తవుతుంది, వెనక ఒక్కటే వరసలో నిలబడుతుంది. ఇంకోటి వస్తే ఆ నిలబడ్డదాన్ని తీసేసి దాని చోట ఇది నిలబడుతుంది. తీసేసిన వాటితో ఏ వార్తా పోదు, ఎందుకంటే తెనాలి జవాబులో చెప్పినట్టు బిల్డ్ ఎప్పుడూ మొత్తం తాజాగా తెచ్చుకుంటుంది. రిపో ప్రైవేట్ అయితే ఉచిత ఖాతాకు బిల్డులు నడపడానికి నెలకు 2,000 నిమిషాలే. ఈ పద్ధతిలో వరసలో ఉండగానే తీసేసినవాటికి నిమిషాలు ఖర్చు కావు.

స్ట్రాపీకి వెబ్‌హుక్ పెట్టాక అంతా బాగుంది కానీ, సైట్‌లో చివరి 25 వ్యాసాలే ఉన్నాయి. పాతవి మాయం. డిలీట్ అయ్యాయా?
*– ఒక పాఠకుడు, కువైట్*

కంగారు పడకండి, అన్నీ ఉన్నాయి. స్ట్రాపీ అడిగినప్పుడు పేజీకి 25 చొప్పునే ఇస్తుంది. పేజీ సైజ్ పెంచినా మామూలుగా 100 దగ్గర ఆగుతుంది. బిల్డ్ కోడ్ మొదటి పేజీ తెచ్చుకుని సరిపెట్టుకుంటోంది. ‘పేజ్ కౌంట్’ ఎంతుందో చూసి చివరిదాకా తెచ్చుకోమని రాయించండి.

మా తెలుగు సంఘం సైట్‌కి వెబ్‌హుక్ అందుకునే చిన్న ఫ్లాస్క్ (పైథాన్) సర్వర్ నేనే రాశాను. సీఎంఎస్ ప్రతి రిక్వెస్ట్‌కీ హెచ్‌మ్యాక్ సంతకం (నిజంగా తనే పంపిందనడానికి రుజువు) జోడిస్తుంది. ఇంగ్లిష్ కార్యక్రమాల ప్రకటనలకు సంతకం సరిపోతోంది. ఉగాది ప్రకటన తెలుగులో పెడితే మాత్రం ‘సంతకం తప్పు’ అని తిప్పికొడుతోంది. జేసన్‌ని తిరిగి రాసేటప్పుడు ఖాళీలు రాకుండా జాగ్రత్త కూడా తీసుకున్నాను.
*– డాలస్ నుంచి ఒక వాలంటీర్*

మీ ఉత్తరంలో ‘తిరిగి రాసేటప్పుడు’ అన్న దగ్గరే జవాబుంది. వచ్చిన బాడీని విప్పి, మళ్లీ పైథాన్‌తో జేసన్ చేసి, దాని మీద సంతకం లెక్కకడుతున్నారు. పైథాన్‌లో జేసన్ రాసే ‘డంప్స్’ మామూలుగా తెలుగు అక్షరాలను అలాగే ఉంచదు. ‘త’ను తీసి వెనక్కి వాలిన గీత, యు, 0సీ24 అని రాసేస్తుంది. సీఎంఎస్ పంపింది ‘త’ అనే మూడు బైట్లు, మీరు లెక్కకట్టింది ఆరు బైట్ల మీద. ఇంగ్లిష్ అక్షరాలకు ఈ మార్పు ఉండదు కాబట్టి అవి దాటిపోయాయి. పీహెచ్‌పీ వాడేవాళ్లకూ ఇదే తంటా. జావాస్క్రిప్ట్ తెలుగును ముట్టుకోదు గనక నోడ్‌లో రాసిన మీ మిత్రులకు ఈ బాధ తెలియకపోవచ్చు.

‘ఎన్‌ష్యూర్ ఆస్కీ ఫాల్స్’ (తెలుగును అలాగే ఉంచే సెట్టింగ్) పెట్టమని ఎవరో ఒకరు చెబుతారు. పెడితే ఈ ఉగాదికి పనిచేస్తుంది. కానీ అవతలివాళ్లు రేపు ఒక స్లాష్‌ని వేరేలా రాసినా మళ్లీ విరుగుతుంది. విప్పకముందే, వచ్చిన బైట్లను వచ్చినట్టే పట్టుకోండి: ఫ్లాస్క్‌లో ‘రిక్వెస్ట్ గెట్ డేటా’. వాటి మీదే సంతకం లెక్కకట్టి, పోల్చడానికి రెండు సమానం గుర్తులు కాకుండా ‘కంపేర్ డైజెస్ట్’ వాడండి. సరిపోయాకే జేసన్ విప్పండి.

హ్యూగోతో (పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) చేసిన మా సైట్‌లో వింత. పొద్దున 6:00కి పెట్టిన వ్యాసానికి వెబ్‌హుక్ మోగుతుంది, బిల్డ్ ఆకుపచ్చగా పూర్తవుతుంది, వ్యాసం రాదు. మధ్యాహ్నం ఇంకేదో పబ్లిష్ చేస్తే దాంతో పాటు పొద్దుటిదీ వస్తుంది. ఫైల్‌లో తేదీ, టైమ్ సరిగ్గానే ఉన్నాయి.
*– ఒక టీచరు, వరంగల్*

ఆ టైమ్ వెనకాల ఏ దేశపు టైమో రాసి ఉందా మాస్టారూ? లేకపోతే హ్యూగో దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కింద లెక్కేస్తుంది. యూటీసీ 6:00 అంటే మనకు పగలు 11:30. పొద్దున బిల్డ్ జరిగేసరికి ఆ వ్యాసం ఇంకా పుట్టలేదని హ్యూగో ఉద్దేశం. రాబోయే తేదీ వ్యాసాలను అది మామూలుగా పక్కన పెట్టేస్తుంది, ఎర్రర్ కూడా చెప్పదు. పదకొండున్నర దాటాక దానంతట అదీ రాదు, ఇంకో బిల్డ్ జరిగితేనే.

తేదీ చివర +05:30 రాయించండి, లేదా హ్యూగో కాన్ఫిగ్‌లో టైమ్‌జోన్‌ని ‘ఆసియా/కోల్‌కతా’ చేయండి. ‘బిల్డ్ ఫ్యూచర్’ ఆన్ చేస్తే కూడా వస్తుంది కానీ, వచ్చే ఆదివారానికి దాచిపెట్టినవి కూడా ఇవాళే బయటపడతాయి.

నిజంగానే ముందు తేదీ వేసి పెట్టే వ్యాసాలుంటే వెబ్‌హుక్ ఒక్కటే చాలదు. ఆ గడియ వచ్చినప్పుడు బెల్ కొట్టేవాళ్లెవరూ ఉండరు. గిట్‌హబ్ యాక్షన్స్‌లో రోజూ ఒక బిల్డ్ షెడ్యూల్ చేయండి. మామూలుగా అక్కడి లెక్క కూడా యూటీసీయే, మనకు తెల్లవారుజామున 5:40 కావాలంటే అక్కడ 00:10కి పెట్టాలి. సరిగ్గా గంట మొదట్లో పెడితే రద్దీకి ఆలస్యం కావచ్చు, అందుకే ఆ పది నిమిషాలు. ఎప్పుడైనా సర్వర్ పలకక పగటి మోత ఒకటి పోయినా ఈ బిల్డ్ సర్దేస్తుంది. రిపో పబ్లిక్‌గా ఉంటే ఒక మెలిక ఉంది: 60 రోజులు అందులో ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ షెడ్యూల్‌ని ఆపేస్తుంది. మీ వ్యాసాలు సీఎంఎస్‌లో ఉంటాయి, రిపోలో నెలల తరబడి ఎవరూ కమిట్ చేయరు, కాబట్టి ఇది మీకు తగిలే అవకాశం ఎక్కువ. రిపోని ప్రైవేట్ చేసుకోండి, లేదా ఆ షెడ్యూల్‌ని క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్ క్రాన్‌కి (టైమ్ ప్రకారం పని నడిపే ఏర్పాటు) మార్చుకోండి.