మీ అత్తగారి పళ్ళ సంగతి

అమ్మాయ్, మీ అత్తగారు తిండి నోట్లో పెట్టగానే ఉమ్మేస్తున్నారు, మొండితనం ఎక్కువైంది అన్నావు కదా, ముందు ఒకసారి టార్చ్ వేసి నోట్లో చూడు. ఆవిడలా డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళు పన్ను నొప్పి అని నోరు తెరిచి చెప్పలేరు, చెంప పట్టుకోవడం, ఒక పక్కనే నమలడం, బ్రష్ చూస్తే కొట్టడానికి రావడం, ఇలా బయటపడుతుంది.

బ్రష్ చేసేటప్పుడు ఎదురుగా నిలబడి నోరు తెరవండి తెరవండి అని వెంటపడకు, భయపడతారు. పక్కన గానీ కొంచెం వెనక గానీ ఉండి బ్రష్ ఆవిడ చేతికే ఇచ్చి పైన నీ చెయ్యి వెయ్యి, చేతికి అలవాటు గుర్తుంటుంది. అద్దంలో ఎవరో ఉన్నారని కంగారు పడితే అద్దం లేని చోట కూర్చోబెట్టు. ఫ్లోరైడ్ పేస్ట్ బఠాణీ గింజంత చాలు. పళ్ళ మధ్య వేలు మాత్రం పెట్టకు, గట్టిగా కొరికేస్తారు, తప్పు వాళ్ళది కాదు. వద్దంటే వదిలేసి అరగంటాగి మళ్ళీ రా.

నిద్రకి, డిప్రెషన్‌కి, యూరిన్ ఆపుకోలేకపోతే ఇచ్చే మందుల్లో చాలావాటికి నోరు ఎండిపోతుంది, లాలాజలం తగ్గితే చిగురు జారిన చోట పన్ను వేరు పుచ్చిపోతుంది, అందుకే మధ్యమధ్యలో నీళ్ళు తాగిస్తూ ఉండు. నోరు శుభ్రంగా లేకపోతే అక్కడి బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా కూడా రావచ్చు.

పళ్ళు ఊడితేనే మతిమరుపు వస్తుందని ఎవరో చెప్పారన్నావు. పళ్ళు తక్కువున్నవాళ్ళలో డిమెన్షియా ఎక్కువ కనిపిస్తుందన్నది నిజమే గానీ ఏది ముందో ఏది వెనకో ఇంకా తేలలేదు, దాని గురించి బుర్ర పాడుచేసుకోకు.

ఇక అన్నీ పీకించేసి కట్టుడు పళ్ళు పెట్టిద్దాం అని మీ ఆయన అంటున్నాడే, అది నాకు అస్సలు నచ్చలేదు. పాడైన పన్ను తీయాల్సిందే, కాదనను. కానీ ఈ స్టేజ్‌లో కొత్త సెట్ అలవాటు చేసుకోవడం చాలా కష్టం, తీసి ఎక్కడో దాచేస్తారు, టిష్యూలో చుట్టి చెత్తబుట్టలో పడేస్తారు, తర్వాత ఇల్లంతా వెతుక్కోవాలి. ఉన్న పళ్ళని కాపాడుకోండి, చేయించాల్సిన పనులు ఆవిడ ఇంకా సహకరిస్తున్నప్పుడే చేయించేయండి.

డెంటిస్ట్ దగ్గరికి ఆవిడ ప్రశాంతంగా ఉండే టైమ్ చూసి వెళ్ళు, మందుల లిస్ట్ పట్టుకెళ్ళు. రక్తం పలచబడే మందు ఉంటే నీ అంతట నువ్వు ఆపేయకు, ఎముకల బలానికి ఇంజెక్షన్ తీసుకుంటుంటే పన్ను తీయకముందే చెప్పు.