సింబాకు టానిక్ పట్టేముందు

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి కిరణ్‌కు బాబాయి ఆశీస్సులు.

మూడు నెలల ల్యాబ్రడార్ కుక్కపిల్ల సింబాకు షాపతను కాల్షియం సిరప్, మల్టీవిటమిన్, లివర్ టానిక్ మూడూ అంటగట్టాడని రాశావు. వాటి మూతలు తియ్యకు. దాని గిన్నెలో ఏం పడుతోందో ముందు చూడాలి.

నువ్వు పెట్టేది పప్పీ ఫుడ్ కదా. ఎదిగే పిల్లలకు ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని సంచి మీద ఉంటే కాల్షియం అందులోనే ఉంది. ఆరు నెలల్లోపు పిల్ల పేగు అదనపు కాల్షియాన్ని సరిగా ఆపలేదు, పోసినదాంట్లో చాలావరకు ఒంట్లోకి చేరుతుంది. ల్యాబ్, షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో దానివల్ల ఎముకల ఎదుగుదలే దెబ్బతింటుంది. కాళ్లు వంగుతున్నాయని ఇంకో చెంచా పెంచేవాళ్లున్నారు. అప్పుడు తీయించాల్సింది ఎక్స్‌రే.

మీ పక్కింటివాళ్ల కుక్కలా చికెనన్నంతో పెరిగేదానికి లోటు నిజమే. మాంసంలో భాస్వరం మెండు, కాల్షియం బహు తక్కువ. పెద్ద కుక్కకైతే గుడ్డు పెంకులు కడిగి, పది నిమిషాలు ఉడికించి, ఆరబెట్టి, మిక్సీలో మెత్తటి పిండి చెయ్యమను. పలుకులు మిగలకూడదు. అర కిలో ఎముకల్లేని మాంసానికి అర టీస్పూను, అంటే 3 గ్రాములకు అటూ ఇటూ. అందులో కాల్షియం ఒక గ్రాము ఉంటుంది. సింబాకు ఈ లెక్క వద్దు. ఏడాది నిండేదాకా పప్పీ ఫుడ్డే. చూలుకుక్కకైతే డాక్టరు చెప్పకుండా కాల్షియం పట్టకూడదు. ముందే పోస్తే ఒళ్లు సొంతంగా కాల్షియం తీసుకోవడం తగ్గించుకుని, పాలిచ్చే రోజుల్లో వణుకు, ఫిట్స్ వస్తాయి.

చర్మం పొడిబారిందంటే చేపనూనె పనికొస్తుంది. సీసా మీద 1000 మి.గ్రా. అన్నది నూనె బరువు. వెనక్కి తిప్పి ఇ.పి.ఎ., డి.హెచ్.ఎ. (పనిచేసే ఒమేగా-3 కొవ్వులు ఇవే) కలిపి చూడు. మామూలు రకంలో 180, 120, మొత్తం 300. పది కిలోల పెద్ద కుక్కకు రోజుకు ఆ ఒక్క క్యాప్సూల్‌తో మొదలుపెట్టొచ్చు, పిన్నుతో గుచ్చి అన్నంలో పిండాలి. మోషన్లు పలచబడితే ఆపాలి. కాడ్ లివర్ ఆయిల్ వేరు, దాంట్లో ఎ, డి విటమిన్లు ఉంటాయి కాబట్టి దీని బదులు వాడకూడదు. బెజవాడ ఎండకు బయట పెట్టిన నూనె కనరు వాసనకొస్తుంది. ఫ్రిజ్‌లో ఉంచు, వాసనొస్తే పారబొయ్యి.

లివర్ టానిక్ సంగతా? తిండి మానేసి, చిగుళ్లు తెల్లబడి, ఒంటిమీద పిడుదులుంటే అది టానిక్‌తో పోయేది కాదు, పిడుదుల జ్వరం కావచ్చు. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించు. టానిక్ పోస్తూ కూర్చుంటే రోజులు పోతాయి, ప్లేట్‌లెట్లు పడిపోతాయి.

మీ అమ్మ వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల విటమిన్ డి, ఐరన్ మాత్రలు సొరుగులో తాళం వేసి పెట్టు. సింబా అంత పిల్లకు ఒక్క డి క్యాప్సూలే విషం. చక్కెర లేని సిరప్పుల్లో, గమ్మీల్లో చక్కెర బదులు తీపికి వేసే జైలిటాల్ ఉండొచ్చు, అరగంటలోనే కుక్క షుగర్ పడిపోతుంది. నాకినట్టు అనుమానమొచ్చినా వాంతికోసం ఉప్పునీళ్లు పట్టకు, డబ్బా చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తు.

సీలు విప్పలేదు కాబట్టి బిల్లుతో సహా రేపు పొద్దున్నే ఆ మూడూ వెనక్కిచ్చెయ్. ఆ డబ్బుతో పిడుదుల మందు కొను, సింబా బరువు తూచి దానికి తగ్గది.

బాబాయి