చూపు బాగుందని రాసి ఊరుకోకు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా చేరావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. గురువారం షుగరు, బీపీ వాళ్ళ రోజట, ఒక్క పూటలో ఎనభై మంది దాకా వస్తారట. ఆ ఎనభై మంది కళ్ళ గురించే ఈ ఉత్తరం. కొత్త మందుల సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కంటి విషయంలో మాత్రం నేను తప్పు చేసి నేర్చుకున్నాను. ఆ తప్పు నీ చేతిలో జరగకూడదు.

మా వీధిలో ఒక దర్జీ తొమ్మిదేళ్ళు షుగరుకు నా దగ్గరే వైద్యం చేయించుకున్నాడు. నెల తప్పేవాడు కాదు, బిళ్ళలు మానేవాడు కాదు. ఒకరోజు పొద్దున్నే కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చాడు. "నిన్న సాయంత్రం కాజాలు కుడుతుంటే కుడి కంట్లో నల్ల దారం వేలాడినట్టు కనిపించిందండీ. ఎంత తుడుచుకున్నా పోలేదు. తెల్లారేసరికి అంతా పొగ కమ్మేసింది" అన్నాడు. కంటి లోపల రక్తం చిమ్మింది. అతన్ని పెద్దాసుపత్రికి పంపించి, అతని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. బరువు ఉంది, బీపీ ఉంది, పాదాలు చూసినట్టు కూడా ఉంది. కంటి దగ్గర మాత్రం ఏటేటా నా చేతిరాతతో ఒకటే మాట: చూపు బాగుంది. అతను బాగుందన్నాడు, నేను రాసుకున్నాను. ఎడమ కన్ను లేజరుతో నిలిచింది. కుడి కంటికి ఆపరేషన్ చేసినా సూదిలో దారం ఎక్కించేంత చూపు తిరిగి రాలేదు.

అతను అబద్ధం చెప్పలేదమ్మా. కంటి వెనక తెర, అంటే రెటీనాలో సన్నని రక్తనాళాలు షుగరు వల్ల ఏళ్ళ తరబడి దెబ్బతింటున్నా, దాని నడిమధ్యన సూటి చూపునిచ్చే మాక్యులా జోలికి రానంత కాలం రోగి చార్టులో చివరి వరుస కూడా గడగడా చదివేస్తాడు. అందుకే "చూపు ఎలా ఉంది?" అని అడిగి ఆగిపోవద్దు. "కంట్లో చుక్కల మందు వేసి, కాసేపు కూర్చోబెట్టి లోపల చూశారా? పోనీ, మెషీనుతో కంటి లోపలి ఫోటో తీశారా? ఎప్పుడు?" అని అడుగు. చాలామంది కళ్ళద్దాలు ఇచ్చిన శిబిరం పేరు చెబుతారు. తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన కంటి వెలుగు ఎంతోమందికి కళ్ళద్దాలు అందించింది, చాలా మంచి పని. కానీ అద్దాల కోసం చూసిందే షుగరు కంటి పరీక్ష అని జనం అనుకుంటారు. ఆ రెండూ వేరని నువ్వే విడమరచి చెప్పాలి.

టైప్ 2 షుగరు బయటపడిన రోజునే కంటి పరీక్షకు రాసెయ్యి. మనకు తెలియకముందే అది ఒంట్లో కొన్నేళ్ళుగా ఉండి ఉండవచ్చు. ఆ తర్వాత ఏడాదికోసారి. టైప్ 1 పిల్లలకు జబ్బు మొదలైన అయిదేళ్ళలోపు మొదలుపెడితే చాలు. ముందునుంచే షుగరు ఉన్న అమ్మాయి గర్భవతి అయితే మొదటి మూడు నెలల్లోనే చూపించాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు: ఏళ్ళుగా షుగరు ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఇన్సులిన్ మొదలుపెట్టి గబగబా దించేస్తే, కంటిలో ఉన్న జబ్బు తొలినాళ్ళలో కొంత ముదరవచ్చు. ఇన్సులిన్ ఆపమని కాదు, కళ్ళు కూడా వెంటనే చూపించమని చెబుతున్నాను.

ఎనభై మందిలో ఇదంతా ఎప్పుడు చేయాలి అంటావు. మా క్లినిక్‌లో నాకు దారి చూపింది రక్తపరీక్షే. పరగడుపున రక్తం ఇస్తారు, టిఫిన్ తింటారు, మళ్ళీ రెండు గంటలకు ఇవ్వాలని బల్లల మీద కూర్చుని ఉంటారు. ఆ రెండు గంటలు మనవే. చుక్కలు అప్పుడే వేయించు. ట్రాపికమైడ్ వేసిన ఇరవై ముప్పై నిమిషాల్లో కనుపాప విచ్చుకుంటుంది. వేసేముందు నీటికాసుల జబ్బు (గ్లకోమా) ఉందేమో అడిగి, చెవి వైపు నుంచి టార్చి కొట్టి చూడు. ముక్కువైపు నల్లగుడ్డు మీద నీడ పడితే ముందుగది ఇరుకుగా ఉన్నట్టు. వాళ్ళకు చుక్కలు వేయకుండా కంటి డాక్టరుకే పంపు. చుక్కలు వేసినవాళ్ళకు కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. బండి నడుపుకుంటూ వచ్చినవాళ్ళను ఒంటరిగా పంపకు.

చేత్తో పట్టుకుని కంటి లోపల చూసే ఆఫ్తాల్మోస్కోపుతో రెటీనాలో చిన్న ముక్కే కనబడుతుంది. దాన్ని నమ్ముకుని "ఏమీ లేదు" అనే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. కంటి లోపలి ఫోటో తీసే ఫండస్ కెమెరా ఉంటే ఒక్కో కంటికి రెండు ఫోటోలు: ఒకటి మాక్యులా మధ్యలో పెట్టి, ఒకటి కంటినరం మధ్యలో పెట్టి. మీ దగ్గర లేకపోతే దగ్గరలోని విజన్ సెంటర్‌తో మాట్లాడి పెట్టుకో. ఫోటో మసకగా వస్తే "నార్మల్" అని రాయకు. చాలాసార్లు అది శుక్లం వల్లే అవుతుంది, ఎలాగూ కంటి డాక్టరు చూడవలసిందే. ఫోటోలు చదివే కంప్యూటర్ ప్రోగ్రాములు వచ్చాయి. 2018లో అమెరికాలో ఆమోదం పొందిన మొదటిదాన్ని నీలాంటి ప్రాథమిక వైద్యుల కోసమే తయారు చేశారు. దొరికితే వాడుకో. ఫోటో తీయించడం, మనిషిని పంపించడం మాత్రం నీ పనే.

కొత్త రక్తనాళాలు మొలిచినా, లోపల రక్తం కనిపించినా ఆ రోజే ఫోను చేసి పంపు. మాక్యులా దగ్గర పసుపు మచ్చలుంటే వారాల్లో చూడాలి. ఒకటి రెండు ఎర్ర చుక్కలే అయితే షుగరు, బీపీ గట్టిగా పట్టుకుని మళ్ళీ ఏడాదికి.

పంపేటప్పుడు ఒక మాట తప్పకుండా చెప్పు. లేజరు చేసేది ఉన్న చూపు నిలపడానికి, పోయింది తేవడానికి కాదు. ఇది ముందు చెప్పకపోతే "చేయించుకున్నా ఏమీ తేడా లేదు" అని రెండోసారి వెళ్ళరు. కంట్లోకి సూదిమందు అంటే భయపడతారు, మొద్దుబారే చుక్కలు వేశాకే సూది వేస్తారని చెప్పు.

ఇంగ్లండులో 2003 నుంచి షుగరు ఉన్న పన్నెండేళ్ళు దాటినవాళ్ళ పేర్లన్నీ జాబితాలో పెట్టి, కబురంపి మరీ పిలిచి కంటి ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. 2010 నాటికి, ఇంగ్లండు, వేల్సులలో పనిచేసే వయసువాళ్ళకు చూపు పోవడానికి మొదటి కారణంగా షుగరు కంటి జబ్బు లేకుండా పోయింది. కనీసం అయిదు దశాబ్దాలలో అదే మొదటిసారి. నన్ను కదిలించింది వాళ్ళ జాబితా. మనం చీటీ రాసిస్తాం, అది జేబులో నలిగిపోతుంది. కూలి పోతుందనో, వెంట వచ్చేవాళ్ళు లేరనో వెళ్ళరు.

అందుకని నా రిజిస్టరులో ఒక పేజీ గళ్ళు గీసి దీనితో పంపుతున్నాను. పేరు, ఫోను, కంటి పరీక్ష తేదీ, ఏం కనిపించింది, ఎక్కడికి పంపాం అని ఉంటాయి. నీ వీలును బట్టి మార్చుకో. చివరి గడి మాత్రం తీసెయ్యకు. "వెళ్ళి వచ్చారా?" అని రాసి ఉంటుంది. అది ఖాళీగా ఉన్నవాళ్ళ పేర్లు శనివారం ఆశా కార్యకర్త చేతికివ్వు.

నీ పెదనాన్న